మీ ఆరోగ్య పేజీని జిరాక్స్ తీశాను

సంపాదకుల వారికి నమస్కారం.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. షుగరు ఉన్నవాళ్లు పాదాలను ఎలా చూసుకోవాలో ఒక డాక్టరుగారు రాసిన వ్యాసం మీ ఆరోగ్య పేజీలో వచ్చింది. దాన్ని కత్తిరించి, తెల్ల కాయితం మీద అంటించి, మిమ్మల్ని అడక్కుండా రెండేళ్ల పాటు జిరాక్స్ తీసి మా వార్డులో పంచాను. ఎన్ని తీశానో లెక్క పెట్టలేదు గానీ నాలుగు వందలకు తక్కువ ఉండవు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. తీసుకోకపోయినంత మాత్రాన అది నా సొత్తు అయిపోదని ఈ మధ్యే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, మీకు అక్కర్లేదనుకున్న చోట కత్తిరించుకోండి. కత్తిరించే హక్కు మీకుంది.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఇంచార్జ్ సిస్టర్ని. ఉద్యోగంలో చేరి ముప్ఫై ఏళ్లు దాటింది. ఆసుపత్రి పేరు రాయడం లేదు, నా పేరు కూడా వేయకండి. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మా ఊరి గురించి మీకు నేను చెప్పాల్సిందేముంది! 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్లం. పాతపట్నంలో సంతకెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తాం. మీ పేపరు కూడా అటు నుంచే వస్తుంది. గీత మారింది గానీ మనుషులు మారలేదు.

మారిందల్లా చదువు. ఇక్కడి తెలుగు ఇళ్లల్లో ఒక చిత్రం చూస్తుంటాను. తాత తెలుగు చదువుతాడు, ఒడియా మాట్లాడతాడు గానీ చదవలేడు. మనవడు ఒడియా గడగడా చదువుతాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ తెలుగక్షరం చూస్తే జిలేబీ అంటాడు. షుగరు వచ్చేది తాతకి. డిశ్చార్జి రోజున మేమిచ్చే కాయితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మనవడు పక్కనుంటే చదివి చెబుతాడు, సూరత్‌లోనో చెన్నైలోనో పనికెళ్లిపోయి ఉంటే ఆ కాయితం బడ్డీకొట్టుకి పోతుంది. ఇక గుమ్మా, సెరంగో వైపు కొండల మీంచి వచ్చే సవరవాళ్లకు ఈ భాషలేవీ సొంతం కావు. వాళ్లకి నోటితోనే చెప్పాలి, చేతితోనే చూపించాలి.

అందుకని మీ వ్యాసం నాకు దొరికిన రోజు పండగలా అనిపించింది. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి, వంగలేని వాళ్లు కింద అద్దం పెట్టుకుని చూసుకోవాలి. వేళ్ల సందుల్లో తడి ఉంచకూడదు. చెప్పు వేసుకునే ముందు బోర్లించి దులపాలి. ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోకూడదు. వేడినీళ్లలో కాలు పెట్టకూడదు, ఏ నీళ్లలో పెట్టేముందైనా వేడి ఎంతుందో మోచేత్తో చూసుకోవాలి. అంతే. పక్కన చిన్న బొమ్మలు. అక్షరం పెద్దది. నేను గంటసేపు చెప్పినా బుర్రకెక్కనిది ఆ అరపేజీ ఎక్కించింది.

ఒక పెద్దాయన ఉండేవాడు, కాశీనగర్ దగ్గర పల్లె. తిమ్మిరి పోతుందని ఉప్పు వేసిన వేణ్ణీళ్లలో కాలు పెట్టాడు. స్పర్శ లేని కాలుకి మంట తెలీదు కదా, కాలింది. ఆ బొబ్బ పుండై చివరికి వేలు తీయాల్సి వచ్చింది. మంచం మీద ఈ కాయితం చదివి, "ఏటమ్మా ఇది, మన పేపర్లోదే కదా! ముందే సదివుంటే నా ఏలు ఉండేది" అన్నాడు. 'మన పేపర్లోది' అన్న మాట చూశారా? మేం కంప్యూటర్లో టైపు చేసి ఇచ్చే కాయితానికి ఆ నమ్మకం లేదు. ఆసుపత్రివాళ్లు ఏదో చెబుతార్లే అనుకుంటారు. పేపర్లో పడిందంటే నిజం. మీ మీద ఆ నమ్మకం సరైనదో కాదో నేను చెప్పను గానీ, నాకు పనికొచ్చింది.

ఇలా నడుస్తుండగా మొన్న వేసవిలో మా ఆసుపత్రికి నాణ్యత తనిఖీ వస్తుందన్నారు. దానికి తయారుచేయడానికి పట్నం నుంచి ఒక సలహాదారు వచ్చాడు. ఆయన ఫైళ్లన్నీ తిరగేస్తూ ఒక ఫారం దగ్గర ఆగాడు. ముసలివాళ్ల జ్ఞాపకశక్తి చూసే ఫారం అది. ఇవాళ తేదీ ఎంత, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకో, వందలోంచి ఏడేడు తీసేస్తూ వెళ్లు, ఇలాంటి ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అంటారు. ఎప్పుడో ఎవరో తెచ్చిన కాపీకి కాపీ తీస్తూ వాడుతున్నాం. "ఇది డబ్బు పెట్టి కొనాల్సిన ఫారం, మీ దగ్గర రసీదు ఏది?" అన్నాడాయన. మా మేనేజ్‌మెంట్‌కి టెన్షన్ పట్టుకుంది. మర్నాటికల్లా జిరాక్స్ మిషను పైన నోటీసు. ప్రచురితమైన ఏ పుస్తకమూ, పత్రికా, ఫారమూ ఇక్కడ కాపీ తీయరాదు, తీస్తే చర్య. ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. మా స్టాఫులో సగానికి పైగా తెలుగువాళ్లు, కొత్తగా చేరిన అమ్మాయిలు టెక్కలి, నరసన్నపేట వైపు వాళ్లు. వాళ్లకి ఒడియా రాదు. నోటీసు ఏమిటో నన్నడిగి తెలుసుకున్నారు.

సలహాదారు చెప్పింది అబద్ధం కాదు. 1975లో ముగ్గురు అమెరికా వైద్యులు ఆ పరీక్షను రాసి పత్రికలో వేశారు. పాతికేళ్ల పాటు ప్రపంచమంతా ఉచితమన్నట్టే వాడింది, పాఠ్యపుస్తకాల్లోకి, డాక్టర్ల జేబు పుస్తకాల్లోకి ఎక్కింది. తర్వాత హక్కుదారులు మేలుకున్నారు. 2001 నుంచి దాన్ని అమ్మే హక్కు ఒక అమెరికా కంపెనీ చేతిలో ఉంది, ఫారానికి ఇంతని వసూలు చేస్తుంది. ఇన్నాళ్లూ ఊరి బావి అనుకుని తోడుకున్నది ఒకరి పెరట్లోదని తెలిసినట్టయింది. కానీ అదే ఫైల్లో, దాని వెనకే, మనసు దిగులు చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం కూడా ఉంది. పీహెచ్‌క్యూ-9 అంటారు. దాని అడుగున చిన్నక్షరాల్లో, కాపీ తీయడానికీ, అనువదించడానికీ, పంచడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదని రాసే ఉంటుంది. ఆ చిన్నక్షరాలు ఎవరూ చదవలేదు. నోటీసు కింద రెండూ ఒకటే అయిపోయాయి. కొనాల్సిన ఫారమూ ఆగింది, ఊరికే వచ్చే ఫారమూ ఆగింది, మీ పాదాల కాయితమూ ఆగింది.

ఆగనిది ఒకటుంది. బజార్లో జిరాక్స్ షాపు. మా అమ్మాయిలు గవర్నమెంటు పోస్టుల పరీక్షకి చదువుతున్నారు. లావుపాటి నర్సింగ్ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా తీయించి, స్పైరల్ వేయించి తెచ్చుకుంటారు. షాపువాడి దగ్గర ఆ పుస్తకం 'మాస్టర్ కాపీ' ఎప్పుడూ తయారుగా ఉంటుంది, పుస్తకం పేరు చెబితే చాలు. ఇది చట్టానికి నిజంగా ఎదురెళ్లేది. నీతులు చెప్పే హక్కు నాకు లేదు లెండి. నేను చదువుకున్న రోజుల్లో మెడికల్ సర్జికల్ పుస్తకం మా నాన్న నెల జీతంలో పెద్ద ముక్కని తినేసేది. నేనూ జిరాక్స్ పుస్తకంతోనే పాసయ్యాను. దాని మీద మా సీనియర్ పేరుంటే కొట్టేసి నా పేరు రాసుకున్నాను.

నాకు అర్థంకానిది ఒక్కటే. అరపేజీ కాయితం దొంగతనం ఎలా అయింది, ఆ నోటీసు ఆపాల్సిన చోట ఎవరినీ ఎందుకు ఆపడం లేదు? మా అన్నయ్య కొడుకు బరంపురంలో లా చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు వాణ్ణి కూచోబెట్టి చట్టం తీయమన్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టం. "అత్తా, నువ్వు 52వ సెక్షన్ చదివితే చాలు. మిగతాదంతా ఏం చేయకూడదో చెబుతుంది, ఇదొక్కటే ఏం చేయొచ్చో చెబుతుంది" అన్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది. నాకు బుర్రకెక్కినంత వరకు నా మాటల్లో రాస్తాను, నాలాంటి సిస్టర్లు ఇంకొందరు చదువుతారని.

నా సొంత చదువు కోసం, పరిశోధన కోసం ఒక వ్యాసం కాపీ తీసుకుంటే అది న్యాయమైన వాడకం కిందికి వస్తుంది. రోగికి ఇచ్చిన మందు గురించి డాక్టరుగారు జర్నల్లోంచి ఒక వ్యాసం తీసుకుని చదువుకుంటే ఎవరూ జైల్లో వేయరు. పాఠం చెప్పేటప్పుడు గురువుగానీ శిష్యుడుగానీ కాపీ తీసుకోవచ్చని ఇంకో క్లాజు ఉంది. దీని మీదే ఢిల్లీ యూనివర్సిటీ కేసు నడిచింది. యూనివర్సిటీ ప్రాంగణంలోని రామేశ్వరి ఫొటోకాపీ అనే చిన్న షాపు మీద, యూనివర్సిటీ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వంటి పెద్ద ప్రచురణకర్తలు 2012లో దావా వేశారు. సిలబస్ ప్రకారం వేర్వేరు పుస్తకాల్లోంచి పేజీలు తీసి కట్టగా అమ్ముతున్నారని ఫిర్యాదు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ప్రచురణకర్తల దావా కొట్టేసింది. అప్పీలు విన్న ధర్మాసనం అదే ఏడాది డిసెంబరులో తీర్పిస్తూ, బోధన కోసమైతే ఆ క్లాజు కాపాడుతుందన్న మాటను నిలబెట్టింది, బోధన అంటే తరగతి గదిలో చెప్పే గంట ఒక్కటే కాదంది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదిలేసుకున్నారు. తెలుగు పత్రికలు అప్పట్లో రాసే ఉంటాయి, నేనే చదివి ఉండను.

ఇది విని నాకు హుషారొచ్చింది. మా దగ్గరికి ప్రాక్టికల్స్‌కి ట్రెయినీ అమ్మాయిలు వస్తారు, శనివారాలు వాళ్లకి క్లాసు చెబుతాను. వాళ్లకి ఒక అధ్యాయంలోంచి నాలుగు పేజీలు తీసిస్తే ఈ క్లాజు నీడ ఉంటుంది. అట్ట నుంచి అట్ట దాకా తీసి అమ్ముకునే షాపువాడి మాట వేరు. కానీ మావాడు నా హుషారు మీద నీళ్లు చల్లాడు. "అత్తా, నీ షుగరు తాత నీ శిష్యుడు కాదు. నువ్వు ఆయనకి పాఠం చెబుతున్నానని కోర్టులో అంటే జడ్జిగారు నవ్వుతారు. ఆయన సొంత చదువు కోసమా అంటే, తీసింది ఆయన కాదు, నువ్వు. ఒకటి కాదు, నాలుగు వందలు."

లైబ్రరీ క్లాజు పట్టుకుందామనుకున్నాను. అది లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి, మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, అదీ మూడు కాపీల వరకే. మా ఆసుపత్రి లైబ్రరీ అంటే నా బల్ల పక్కనున్న గాజు బీరువా. దానికి తాళం కూడా సరిగా పడదు.

శిక్ష సంగతి కూడా చదివాను, భయపడ్డాను కాబట్టి. 63వ సెక్షన్. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే, కారణం రాసి, కోర్టు తగ్గించవచ్చు. మా మేనేజ్‌మెంట్ ఈ అంకెలు చూసే నోటీసు అంటించిందని నా అనుమానం. వాళ్లనీ తప్పుపట్టలేను. చట్టం పేరు తెలిసి, లోపలేముందో తెలియనప్పుడు అన్నీ మూసేయడమే తేలిక. అసలు చదివి చెప్పేవాళ్లు ఎవరున్నారు మాకు? బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య సేవ కింది ఆసుపత్రులకి కాపీరైట్ లైసెన్సింగ్ ఏజెన్సీ నుంచి ఒక లైసెన్సు ఉంటుందట. ఏ సిస్టరూ విడివిడిగా ఎవరినీ అడగక్కర్లేకుండా హద్దుల్లో కాపీ తీసుకుంటారు. ఇక్కడ కూడా 2000 నుంచి అలాంటి లైసెన్సులు ఇచ్చే సంఘం ఢిల్లీలో ఉంది. పర్లాకిమిడిలో దాని పేరు విన్నవాళ్లని నేను చూడలేదు. కేంద్రం 2024 నవంబరులో 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన, జర్నళ్లు చదువుకోనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకి, కేంద్ర పరిశోధన సంస్థలకి. మాలాంటి ధర్మాసుపత్రి దాని లోపల లేదు.

ఈ తగువు పర్లాకిమిడిలో పుట్టింది కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ, అక్కడి జాతీయ వైద్య గ్రంథాలయం డాక్టర్లకు జర్నల్ వ్యాసాలు కాపీ తీసి ఇస్తున్నాయని విలియమ్స్ అండ్ విల్కిన్స్ అనే వైద్య ప్రచురణ సంస్థ దావా వేసింది. 1973లో కింది కోర్టు గ్రంథాలయానిదే న్యాయమంది. సుప్రీంకోర్టుకి వెళితే 1975లో నలుగురు జడ్జీలు ఇటు, నలుగురు అటు. సగానికి సగం చీలడంతో కింది తీర్పే మిగిలింది. అంతటి కోర్టే తేల్చలేకపోయిన దాన్ని మా జిరాక్స్ మిషను పైన రెండు వాక్యాల్లో తేల్చేశారు.

మావాడు చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది వేరే. కాపీరైట్ మాటల మీద ఉంటుందట, విషయం మీద కాదట. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో మొత్తం కలపాలి అన్నది ఎవరి సొత్తూ కాదు. ఆ సంగతి ఒకరు రాసిన తీరు, వేసిన బొమ్మ, అమర్చిన వరస వాళ్ల సొత్తు. కాబట్టి పాదాల సంగతులు నా మాటల్లో నేనే రాసుకోవచ్చు. రాశాను కూడా. మూడు రాత్రులు కూచుని ఒక పేజీ రాసి మా డాక్టరుగారికి చూపిస్తే దిద్ది ఇచ్చారు. టైపు చేయించి పంచాను. చెప్పానుగా, దానికి 'మన పేపర్లోది' అన్న విలువ రాలేదు. బొమ్మలు లేవు. నా చేత్తో గీసిన పాదం చూసి మా ఆయా "ఇదేటి సిస్టరమ్మా, కందగడ్డా?" అని అడిగింది.

తెలుగులోకి మనమే అనువదించేద్దాం అనిపిస్తుంది కదా, ఏదైనా మంచి ఇంగ్లీషు కరపత్రం దొరికితే? అదీ ఊరికే కుదరదు. అనువాద హక్కు కూడా రాసినవాడిదే. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది రోజూ తగిలే ముల్లు. ఒడియాలో ఉన్నది తెలుగు చేయాలి, తెలుగులో ఉన్నది ఒడియా చేయాలి. ఇక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పని నాకు నచ్చింది. 2016 నవంబరు నుంచి వాళ్లు తమ ప్రచురణల్ని కొత్త లైసెన్సుతో విడుదల చేస్తున్నారు. లాభం కోసం కాకపోతే ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. మూలం పేరు రాయాలి, ఈ అనువాదం మేం చేసింది కాదు, దీని తప్పొప్పులకు మా బాధ్యత లేదు అన్న వాళ్ల మాట వేయాలి, మన అనువాదాన్ని కూడా అదే షరతు మీద పదిమందికీ వదలాలి. జెనీవాలో కూచున్నవాళ్లు మా వార్డుకి అనుమతి ముందే రాసి పెట్టారు. పక్క జిల్లాలో అచ్చయ్యే పేపరు కాయితానికి మాత్రం నేను దొంగనయ్యాను. కోపగించుకోకండి, ఉన్నమాట.

రచయిత పోయాక 60 ఏళ్లు గడిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. మా ఊళ్లోనే ఉండి సవర నేర్చుకుని, సవరవాళ్ల కోసం బతుకంతా రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో పోయారు. ఆయన రాసింది ఇవాళ ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు. కానీ వైద్యంలో 60 ఏళ్ల నాటి కాయితంతో ఏం చేస్తాం? వైద్యానికి కావలసింది నిన్నటిది.

ఆ మాట వచ్చింది కాబట్టి కాపీరైట్‌తో సంబంధం లేని ఒక గొడవ కూడా చెప్పాలి, జిరాక్స్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకుండా. నోటీసు వచ్చాక పాత కాయితాలన్నీ ఏరుతుంటే ఎమర్జెన్సీ గది బీరువా తలుపు లోపల గుండె ఆగినవాళ్లకి ఏం చేయాలో చెప్పే పటం దొరికింది. ముందు ఊపిరిదారి, తర్వాత శ్వాస, తర్వాత ఛాతీ నొక్కడం అని ఉంది. ఆ వరస 2010లోనే మారిపోయింది. ముందు ఛాతీ నొక్కడమే. అసలు పటం వేసినవాళ్లు మార్చుకున్నారు, మా జిరాక్స్ మాత్రం మారకుండా తలుపుకి అంటుకునే ఉంది. ఇంకో కాయితం పిల్లల మందు మోతాదుల పట్టిక. కాపీకి కాపీ, దానికి కాపీ. 0.5 దగ్గర చుక్క సగం చెరిగిపోయింది. వేలితో వెలుతురుకి పెట్టి చూస్తే గానీ చుక్క కనపడలేదు. ఆ చుక్క లేకపోతే అర మిల్లీలీటరు ఐదు మిల్లీలీటర్లవుతుంది. ఒళ్లు జలదరించి అక్కడికక్కడే చింపేశాను. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. అప్పుడనిపించింది, అడిగి తీసుకున్న కాపీకి ఒక తేదీ ఉంటుంది, ఒక చిరునామా ఉంటుంది, మారితే చెప్పేవాళ్లుంటారు. దొంగచాటుగా తీసిన దానికి తల్లీతండ్రీ ఉండరు.

ఇక మీ దగ్గర నాకు కావలసింది. మీ ఆరోగ్య పేజీలో రోగులకు పనికొచ్చే వ్యాసం వేసినప్పుడు దాని అడుగున ఒక్క వాక్యం వేయండి. ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు ఈ వ్యాసాన్ని మార్చకుండా, పత్రిక పేరు, తేదీతో సహా కాపీ తీసి ఉచితంగా పంచవచ్చు అని. అమ్మకూడదు, మందుల కంపెనీ ప్రకటన కలపకూడదు అని కూడా వేయండి, అది చాలా అవసరం. ఒడియాలోకి గానీ సవరలోకి గానీ అనువదించుకోవచ్చో లేదో కూడా చెప్పండి.

మీరు ఊ అన్నంత మాత్రాన సరిపోదని మావాడు హెచ్చరించాడు. వ్యాసం రాసింది మీ దగ్గర జీతానికి పనిచేసే విలేకరి కాదు, బయటి డాక్టరు. మీకు రాతపూర్వకంగా రాసివ్వకపోతే హక్కు ఆయనదే. బొమ్మ మీద హక్కు దాన్ని వేసిన ఇంకొకరిది అయివుండొచ్చు, ఫొటో ఏ ఏజెన్సీదో కావొచ్చు. అందుకే వ్యాసం అడిగేటప్పుడే డాక్టరుగారిని ఈ సంగతి కూడా అడిగేయండి. నాకు తెలిసిన ఏ డాక్టరూ కాదనడు. ఒకరిద్దరు కాదంటే వాళ్ల వ్యాసం కింద ఆ వాక్యం వేయకండి, మేం ముట్టుకోం. వాక్యం ఉంటే తీయాలి, లేకపోతే అడగాలి అన్నంత సులువైతే మా కొత్త అమ్మాయిలకు కూడా అర్థమవుతుంది. 52వ సెక్షన్ వాళ్లకి నేను చెప్పలేను.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకి కూడా ఇదే మాట. మీరు వేసే పోస్టర్ల మీద మంత్రుల ఫొటోలకి చోటుంటుంది, కాపీ తీసుకోవచ్చు అన్న ముక్కకి ఉండదు. ప్రభుత్వం అచ్చు వేసినదానికీ 60 ఏళ్ల కాపీరైట్ ఉంటుందని చాలామందికి తెలియదు, నాకూ మొన్నటి దాకా తెలియదు. గెజిట్టు, చట్టాల వంటివి పునర్ముద్రించుకోవడానికి వెసులుబాటు ఉంది గానీ కుష్ఠు వ్యాధి కరపత్రం గెజిట్టు కాదు. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాలకు తెలుగులో నాలుగు కరపత్రాలు పంపితే ఇంకా మంచిది. పంపకపోయినా, శ్రీకాకుళంలో వేసినవి మేం కాపీ తీసుకోవచ్చని ఒక లైను రాస్తే చాలు.

మా ఆసుపత్రి సంగతి. మా పెద్ద డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. నోటీసు తీసేయమనలేదు, మార్చమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రాసి తీసుకురండి సిస్టర్, తెలుగులోనూ ఒడియాలోనూ" అన్నారు. రాస్తున్నాను. జ్ఞాపకశక్తి ఫారం పాత కాపీలన్నీ పక్కన పెట్టేశాం, కొనాలా, ఉచితంగా వాడుకోనిచ్చే ఇంకో పరీక్షకి మారాలా అన్నది డాక్టర్లు తేల్చుకుంటారు. దిగులు ఫారం మళ్లీ మొదలైంది. మీ వ్యాసం మాత్రం మీ జవాబు కోసం ఆగింది.

ఆఖరిసారి తీసిన అరవై కాపీలు నా బీరువాలో పైఅరలో ఉన్నాయి. ఆషాఢం వచ్చింది, ఇక్కడ ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. షుగరు ఉన్నవాళ్లు కూడా చెప్పుల్లేకుండా బురదలో దిగుతున్నారు. ఓపీలో కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చేవాళ్లు రోజుకి ఇద్దరు ముగ్గురు తగులుతున్నారు. మీరు ఈ ఉత్తరం వేయకపోయినా ఫరవాలేదు, కవరులో చిరునామా రాసిన కార్డు పెట్టాను. సరే అనో వద్దు అనో ఒక్క ముక్క రాసి పంపండి.

ఇట్లు,
ఒక సిస్టర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా